మలబద్ధకము - చీటీ లేక కొను విరేచనౌషధములు

మలబద్ధకము నలుగురిలో చెప్పుకొనుటకు జనులు సంకోచించు బాధ. జ్వరము వచ్చినవాడు డాక్టరు వద్దకు పోవును. కాలు విరిగినవానిని ఇరుగుపొరుగులు మోసికొనిపోవుదురు. మూడు దినములుగా విరేచనము కానివాడు మాత్రము ఎవరితోను చెప్పక, సందెవేళ మందుల దుకాణమునకు పోయి, తగ్గు గొంతుతో ఒక సీసాయో నాలుగు మాత్రలో అడిగి తెచ్చుకొనును. ఆ మందు కడుపులో ఏమి చేయునో, ఎన్ని దినములు వాడవచ్చునో, ఎవరు వాడరాదో అతడు అడుగడు, దుకాణదారు చెప్పడు. ఇట్టి మందులలో పెక్కు డాక్టరు చీటీ లేకుండనే లభించుచున్నవి. తెలిసి వాడినచో అవి మేలైన మందులే. తెలియక వాడినచో ఒక్కొకప్పుడు ప్రాణాపాయము కూడ కలుగుచున్నది.

ఇది పంచాయతీ సభ్యులకు సంబంధించిన విషయమేనా యని కొందరికి తోపవచ్చును. రాత్రివేళ ఒకడు కడుపునొప్పితో మెలికలు తిరుగుచుండగా, ఇంటివారు మొదట వచ్చి తలుపు తట్టునది సభ్యుని యింటినే. వాహనము కావలెనన్నను, ఆసుపత్రికి కబురు చేయవలెనన్నను ఆయననే అడుగుదురు. ఆ సమయమున "ఇంత ఆముదము పట్టించి చూడుడు" అని పెద్దలెవరో సలహా చెప్పుదురు. వలదని గట్టిగా చెప్పగలవాడు ఒకడు అక్కడ ఉండవలెను. అట్లు చెప్పుటకు కారణము కూడ అతనికి తెలిసియుండవలెను.

మొదట మలబద్ధకమనగా నేమో తెలిసికొనుట మంచిది. ప్రతి ఉదయము విరేచనము కాకున్న అది రోగమేయని మన గ్రామములలో గట్టి నమ్మకము కలదు. ఇది సరికాదు. ఆరోగ్యవంతులలో కొందరికి దినమునకు మూడుసార్లు, కొందరికి వారమునకు మూడుసార్లు మాత్రమే విరేచనమగును, రెండును సహజమే. వారమునకు మూడుసార్లకంటె తక్కువగా అగుట, మలము మేకపెంటికలవలె గట్టిపడుట, మిక్కిలి ముక్కవలసివచ్చుట, ఇంకను మిగిలియున్నదని తోచుట, ఇవి మలబద్ధకపు లక్షణములు. ఒక్క దినము తప్పినంతమాత్రమున మందు వేసికొనవలసిన పని లేదు.

పెద్దప్రేగు తనలోనికి వచ్చిన పదార్థమునుండి నీటిని పీల్చుకొనును. మలము అక్కడ ఎంత ఎక్కువకాలము నిలిచిన అంత గట్టిపడును. పీచులేని తిండి, తక్కువ నీరు, కదలిక లేకపోవుట, వచ్చిన వేగమును ఆపుకొనుట, ఇవన్నియు మలమును నిలువచేయును. విరేచనౌషధములన్నియు ఏదో ఒక విధముగ ఈ స్థితిని మార్చుటకు ఏర్పడినవే. కొన్ని మలమున నీటిని నిలుపును, కొన్ని జారునట్లు చేయును, కొన్ని ప్రేగును కదలించి నెట్టించును. ఈ భేదము తెలియక అన్నియు ఒకటేయనుకొనుటలోనే పొరపాట్లు పుట్టుచున్నవి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. కడుపునొప్పి తీవ్రముగా ఉన్నపుడు, కారణము తెలియనంతవరకు, ఏ విరేచనౌషధమును ఇయ్యకూడదు. ఆముదము గాని, మాత్ర గాని, ఎనిమా గాని పనికిరాదు.

మన పల్లెలలో "ఇరవైనాలుగు గంటల నొప్పి" యని పిలుచు వ్యాధి కలదు. డాక్టర్లు దీనిని అపెండిసైటిస్ అందురు. పెద్దప్రేగు మొదట నుండు ఉండుకము అను చిన్న తిత్తి వాచుటచే ఇది వచ్చును. సామాన్యముగా నొప్పి మొదట బొడ్డు చుట్టును ప్రారంభమై, కొన్ని గంటలలో కుడివైపు పొత్తికడుపునకు దిగును. అన్నము సహింపదు, వాంతి యగును, కొంచెము జ్వరము తగులును. తరచుగా విరేచనము కూడ ఆగును. ఇంటివారికి కనబడునది ఈ కడపటి లక్షణమే. "కడుపు కట్టుకొన్నది, అందుకే నొప్పి" యని తలచి విరేచనమునకు ఇత్తురు. ఆ మందు ప్రేగులను బలముగా కదలించును. వాచియున్న ఉండుకము పగిలి, చీము కడుపంతయు వ్యాపించును. సకాలమున చిన్న శస్త్రచికిత్సతో పోవలసిన వ్యాధి ప్రాణము మీదికి వచ్చును. మందు పనిచేయునేమోయని తెల్లవారువరకు కనిపెట్టుకొని యుండుటవలన పోవు గంటలు కూడ తక్కువ నష్టము కాదు.

ప్రేగు మెలికపడుటయు, గజ్జలోనికి దిగిన ప్రేగు అక్కడ చిక్కుకొనుటయు ఇట్టి అపాయములే. కడుపు ఉబ్బి, వాంతులగుచు, విరేచనముతోపాటు క్రిందికి వాయువు కూడ పోకుండిన యెడల దారి మూసికొనిపోయినదని అనుమానింపవలెను. మూసిన దారిలోనికి వెనుకనుండి నెట్టినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. అట్టివారికి తిండి పెట్టక, మందు పోయక, 108 వాహనమును పిలిచి శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పంపవలెను.

మలములో రక్తము కనబడుట, కారణము లేక మనిషి చిక్కిపోవుట, ఏబది యేండ్లు దాటినవారికి విరేచనపు అలవాటు క్రొత్తగా మారి కొన్ని వారములు అట్లే నిలుచుట, ఇవియు దుకాణపు మందుతో సరిపెట్టుకొనదగినవి కావు. "మొలలే గదా" యని ఏండ్లు గడపినవారిలో కొందరికి ప్రేగు పుండు కాన్సరుగా తేలుచున్నది. ఒక్కసారి పరీక్ష చేయించుకొన్నచో సందేహము తీరును.

ఇవేవియు లేక, ప్రయాణమువలననో, తిండి మార్పువలననో, రెండు దినములు మంచము పట్టుటవలననో వచ్చిన సామాన్య మలబద్ధకమునకు మాత్రమే దుకాణపు మందు.

వీనిలో మొదట చెప్పదగినది ఇసబ్‌గోలు. ఇది గుజరాతు, రాజస్థానములలో విశేషముగ పండు ఒక మొక్క గింజల పైపొట్టు. నీటిని పీల్చి ఉబ్బి జిగురుగ మారి, మలమునకు మెత్తదనమును పరిమాణమును ఇచ్చును. ఒకటి రెండు చెంచాల పొట్టును నిండు గ్లాసు నీటిలో, అనగా సుమారు 250 మిల్లీలీటర్లలో, కలిపి వెంటనే త్రాగి, పైన మరియొక గ్లాసు నీరు త్రాగవలెను. పనిచేయుటకు పండ్రెండు గంటలనుండి మూడు దినములవరకు పట్టును. కొందరు చెంచాడు పొట్టును నోట వేసికొని గ్రుక్కెడు నీరు త్రాగి పడుకొందురు. పొట్టు గొంతులోనో అన్ననాళములోనో ఉబ్బి అడ్డుపడిన సందర్భములు కలవు. పక్షవాతముచే మ్రింగుట కష్టమైన వారికిని, మంచము పట్టినవారికిని దీనిని ఇయ్యకూడదు. విరేచనములు ఎక్కువైనప్పుడు ఇదే పొట్టును పెరుగులో కలిపి తినుట చూచియుందురు. నీటిని పట్టియుంచుట దాని స్వభావము గనుక రెండు చోట్లను పనికివచ్చుచున్నది. మలబద్ధకమునకైనచో నీరు పుష్కలముగా ఉండితీరవలెను.

మలమును మెత్తపరచు మందులలో డాక్యుసేట్ అనునది ఒకటి. జిడ్డు పాత్రను సబ్బు ఎట్లు నీటికి లోబరచునో, అట్లే ఇది గట్టి మలములోనికి నీటిని, క్రొవ్వును చొరనిచ్చును. ఇది ప్రేగును నెట్టునది కాదు. కనుక రాత్రి వేసికొని తెల్లవారునప్పటికి ఫలితము కోరరాదు. ఒకటి మొదలు మూడు దినములు పట్టును. బలము కూడ తక్కువ. అయినను, ముక్కుట ప్రమాదమైన వారికి, అనగా ప్రసవమైన తల్లులకు, శస్త్రచికిత్స జరిగినవారికి, గుండెజబ్బు వారికి, మొలల బాధ గలవారికి డాక్టర్లు దీనిని వ్రాయుట కలదు. దీనితోపాటు ద్రవ పారఫిన్ వేరుగ తీసికొనరాదు; పారఫిన్ శరీరములోనికి ఎక్కువగా ఇంకును.

ద్రవ పారఫిన్ నూనెవంటిది. మలమును జారునట్లు చేయును. చాల దుకాణములలో దీనిని మెగ్నీషియా పాలతో కలిపి సీసాలలో అమ్ముచున్నారు. దీని అపాయము కడుపులో కాదు, ఊపిరితిత్తులలో. పడుకొనబోవు ముందు గాని, పడుకొనియున్నవాని నోటిలో గాని పోసినచో, రుచి వాసన లేని ఈ నూనె దగ్గు కూడ రాకుండ మెల్లగ ఊపిరితిత్తులలోనికి జారి, నిమోనియావంటి జబ్బు కలిగించును. పసిపిల్లలకు, మంచము పట్టిన ముదుసళ్ళకు దీనిని వాడరాదు. పెద్దవారును కూర్చుండియే త్రాగి, కొంతసేపు కూర్చుండియే యుండవలెను. దీర్ఘకాలము వాడినచో ఆహారములోని ఏ, డి, ఈ, కె విటమినులు ఒంటబట్టవు.

మెగ్నీషియా పాలును, ఎప్సమ్ లవణమును ప్రేగులోనికి నీటిని లాగి అరగంట మొదలు ఆరు గంటలలోపల పనిచేయును. మూత్రపిండములు సరిగా ఉన్నవారికి ఒకటి రెండుసార్లు తీసికొనుటలో దోషము లేదు. మూత్రపిండములు చెడినవారిలో మాత్రము మెగ్నీషియము బయటికి పోలేక రక్తములో పేరుకొని, మగతయు నిస్సత్తువయు కలిగించి, తుదకు గుండె లయను కూడ తప్పించును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో, దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి ఎంత విస్తరించినదో అందరు ఎరుగుదురు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించినది ఈ వ్యాధి కొరకే. ఇది ముదురువరకు బయటపడని జబ్బు. తనకు వ్యాధి ఉన్నదని తెలియనివాడే మెగ్నీషియా సీసా కొనితెచ్చుకొనుట అక్కడి పెద్ద భయము. అట్టి ప్రాంతములలోను, ఏండ్లతరబడి మధుమేహము, రక్తపుపోటు గలవారిలోను, రక్తపరీక్ష లేకుండ ఈ మందు వలదనుటయే న్యాయము. డయాలిసిస్ చేయించుకొనువారు నీరు కూడ కొలత ప్రకారము త్రాగవలసినవారు. "నీరు ఎక్కువ త్రాగుము, ఇసబ్‌గోలు వాడుము" అను సామాన్య సలహా సయితము వారికి చెల్లదు. వారి మందు వారి డాక్టరే నిర్ణయింపవలెను.

లాక్టులోస్ తియ్యని పానకమువంటి మందు. ఒకటి రెండు దినములలో మెల్లగ పనిచేయును. మొదట కడుపుబ్బరము, వాయువు కలిగించుట తప్ప సామాన్యముగా బాధ పెట్టదు. మధుమేహము గలవారు డాక్టరుతో చెప్పి వాడవలెను.

బిసాకొడిల్ మాత్రలును, సునాముఖి ఆకుతో చేసిన చూర్ణములును ప్రేగు గోడను రేపి నెట్టించు జాతివి. రాత్రి వేసికొన్నచో ఆరు మొదలు పండ్రెండు గంటలలో విరేచనమగును. కడుపులో మెలిపెట్టుట కలదు. బిసాకొడిల్ మాత్రను నమలరాదు, నూరరాదు, పాలతో మ్రింగరాదు. ఆ మాత్రకు గల పైపూత ప్రేగులో కరగుటకు ఉద్దేశింపబడినది. పాలతోను, కడుపుమంట మందులతోను అది కడుపులోనే కరగి బాధించును. సునాముఖి మూలికయే గదా, ఎంత వాడినను హాని లేదని కొందరనుట వినుచున్నాము. మూలికయైనంతమాత్రమున మందు గుణము పోదు; పెట్టుబడి లేక దొడ్డిలో దొరకినను అది ప్రేగును రేపునదే.

2022లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ఆవశ్యక ఔషధముల జాబితాలో ఇసబ్‌గోలు, లాక్టులోస్, బిసాకొడిల్ చేరియున్నవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అడిగి చూచిన తరువాతనే డబ్బు పెట్టి కొనుట మంచిది. కొనునప్పుడు అట్టమీది పెద్ద పేరును గాక, దాని క్రింద చిన్న అక్షరములలోని మందు పేరును చదివించుకొనవలెను. ఒకే పెద్ద పేరుతో రెండు మూడు విధముల మందులు అమ్ముడుపోవుచున్నవి.

ఎన్ని దినములు వాడవచ్చును? డాక్టరు చెప్పనిదే ఒక వారమునకు మించరాదు. ఇక్కడ సామాన్యముగా జరుగు పొరపాటు నొకదానిని వివరింపవలసియున్నది. గట్టి విరేచనౌషధము పెద్దప్రేగునంతయు ఒక్కసారి ఖాళీచేయును. అది తిరిగి నిండుటకు రెండు మూడు దినములు పట్టును. ఆ దినములలో విరేచనము కాకుండుట సహజము. ఈ సంగతి తెలియనివాడు, మరునాడు కాలేదని మరల మాత్ర వేసికొనును, మరల ఖాళీ యగును, మరల భయపడును. ఇట్లు కొన్ని నెలలు గడచినపిమ్మట మాత్ర లేనిదే కాదను నమ్మకము స్థిరపడును. అంతలో పలుచని విరేచనములద్వారా ఒంటిలోని పొటాసియము పోయి కాళ్ళు చేతులు లాగుటయు, నీరసమును పట్టుకొనును. గ్రామములో ప్రతి రాత్రియు ఈ మాత్ర వేసికొను వృద్ధులు ఎందరున్నారో ఆశా కార్యకర్తను అడిగినచో తెలియును.

వృద్ధుల విషయములో మరియొక మాట. మంచమున పడియున్న ముసలివారికి గట్టి మలము ముద్దకట్టి దారిని అడ్డగించినప్పుడు, దాని ప్రక్కలనుండి పలుచని నీరు కారుచుండును. ఇంటివారు అది నీళ్ళ విరేచనమనుకొని కట్టు మందు ఇత్తురు. రోగము రెట్టింపగును. అనేక దినములు మలబద్ధకముండి ఆపైన నీరు కారుచున్నచో డాక్టరుకో నర్సుకో చూపవలెను. నొప్పులకు వాడు కొన్ని ఘాటైన మాత్రలు, కాల్షియము, అల్యూమినియము గల కడుపుమంట మందులు కూడ మలబద్ధకమును కలిగించును. అట్టిచోట విరేచనౌషధము చేర్చుటకంటె మొదటి మందును మార్పించుట మేలు.

గర్భిణీ స్త్రీలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల ఎర్రని మాత్రలను దినమునకొకటి చొప్పున 180 దినములు ఇచ్చుచున్నారు. వీనివలన కొందరికి మలబద్ధకము కలుగును, మలము నల్లబడును. నల్లబడుట మాత్రవలన గనుక భయము లేదు. పెక్కుమంది స్త్రీలు ఈ బాధ యెవరితోను చెప్పలేక మాత్రలను గోడమీదనో పొయ్యిలోనో పారవేయుచున్నారు. ప్రసవమునాటికి రక్తము చాలక ఆపద కలుగుచున్నది. మాత్రలు మానుట మార్గము కాదు. నీరు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువచేసి, అవసరమైనచో ఏ.ఎన్.ఎమ్. సలహాతో ఇసబ్‌గోలు లేక లాక్టులోస్ వాడవచ్చును. ఆముదము మాత్రము గర్భిణులకు ఎన్నడును ఇయ్యరాదు; అది గర్భాశయమును కూడ రేపి నొప్పులు తెప్పింపవచ్చును.

ఆముదమునకు మన యిండ్లలో గల మర్యాద వేరు. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతపు మెట్టభూములు ఒకప్పుడు ఆముదపు పంటకు పేరుపొందినవి. దీపమునకు, తలకు, పురిటిమంచమునకు అదే నూనె. పుట్టిన బిడ్డకు ఆముదము నాకించుట, పిల్లలకు నెలకొకసారి పట్టించుట పూర్వాచారము. పసిబిడ్డకు ఇది మేలు చేయకపోగా, నీళ్ళ విరేచనములు కలిగించి ఒంటిలోని నీటిని హరించును. తల్లిపాలు మాత్రమే త్రాగు బిడ్డకు కొన్నివారముల వయస్సు తరువాత నాలుగైదు దినములు విరేచనము కాకున్నను, పాలు బాగుగ త్రాగుచు, అయినప్పుడు మెత్తగా అగుచుండిన అది మలబద్ధకము కాదు. తమలపాకు తొడిమనో సబ్బుముక్కనో పెట్టుట పుండు చేయును. పుట్టిన మొదటి రెండు దినములలో మలము కాని బిడ్డను మాత్రము తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. ఆముదపు గింజలు విషమని, పిల్లలు నమలకుండ చూడవలెనని ఇక్కడనే చెప్పుట అప్రస్తుతము కాదు.

బడి యీడు పిల్లలలో మలబద్ధకమునకు ఒక కారణము మందుల దుకాణములో దొరకదు. బడిలోని మరుగుదొడ్డికి నీరు లేకున్నను, తలుపు గడియ లేకున్నను పిల్లలు, ముఖ్యముగా ఆడపిల్లలు, ఉదయమునుండి సాయంత్రమువరకు వేగమును ఆపుకొందురు. మిరపకోతలకు పోవు స్త్రీలు చేను చుట్టును చాటులేక, పగలంతయు నీరు త్రాగుటయే మానుకొందురు. మరుగుదొడ్డి కట్టించియు నీటిసౌకర్యము లేనందున దానిని కట్టెలకు వాడుకొను ఇండ్లు ప్రతి గ్రామములోను కొన్ని కనబడును. ఇట్టివారికి ఎన్ని సీసాలు త్రాగించినను ఫలము తాత్కాలికమే. బడి దొడ్డికి కుళాయి, గడియ అమర్చుట, పనులు జరుగుచోట నీటికుండ, తడికల చాటు ఏర్పరచుట పంచాయతీ చేయగల పనులు. వీనికి పెద్ద వ్యయము కాదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సమితి సమావేశములో ఈ విషయమును కార్యక్రమపత్రములో చేర్పించవచ్చును.

దుకాణముల మాట కూడ సభ్యులకు తెలిసియుండుట మంచిది. మందులు అమ్ముటకు లైసెన్సు ఉండవలెను. అయితే 1940 నాటి ఔషధ చట్టము క్రింద 1945లో చేసిన నిబంధనలలోని కె షెడ్యూలు చిన్న గ్రామములకు ఒక సడలింపు ఇచ్చినది. వేయిమందికి మించని జనాభా గలిగి, లైసెన్సు గల మందుల దుకాణము లేని గ్రామములో, ఆముదము, ద్రవ పారఫిన్, ఎప్సమ్ లవణము వంటి కొన్ని గృహౌషధములను సామాన్యపు కిరాణా దుకాణదారు అమ్మవచ్చును. వానిని లైసెన్సు గల టోకు వ్యాపారివద్దనో ఉత్పత్తిదారువద్దనో కొనవలెను. కంపెనీ కట్టిన మూత విప్పకుండ, ఉన్నది ఉన్నట్లుగ అమ్మవలెను. డబ్బానుండి కొలచి పొట్లము కట్టి యిచ్చు ఎప్సమ్ లవణమును, పాత సీసాలలో పోసి యిచ్చు పారఫిన్‌ను ఈ సడలింపు కాపాడదు. అట్టి పొట్లముమీద మందు పేరుండదు, మోతాదుండదు, గడువు తేదీయు ఉండదు. కిరాణా కొట్టులో ఇది కనబడినచో మొదట దుకాణదారునకు నిబంధన తెలియజెప్పవలెను. మానకున్నచో జిల్లాలోని ఔషధ తనిఖీ అధికారికి వ్రాయవలెను.